గది నిజంగా చీకటి కావాలంటే: బ్లాక్‌అవుట్ కర్టెన్లు ఎలా ఎంచుకోవాలి

బ్లాక్‌అవుట్ కర్టెన్లు కొని తగిలించాక కూడా పొద్దున్నే మొహం మీద వెలుగు పడుతోందని విసుక్కునేవాళ్లు చాలామందే ఉంటారు, వాళ్లందరూ తిట్టేది బట్టనే. చాలాసార్లు పాపం బట్ట తప్పేమీ ఉండదు. ఒకసారి కర్టెన్ మూసి, తలుపు వేసి, మధ్యాహ్నం పన్నెండింటికి ఆ గదిలో ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. రాడ్ పైనుంచి వెలుగు సీలింగ్ మీదకి ఎగజిమ్ముతుంటుంది, రెండు పక్కలా గోడ వెంట నిలువుగా సందులు మెరుస్తుంటాయి, రెండు ముక్కలూ కలిసే చోట మధ్యలో ఒక చీలిక ఉంటుంది. బట్టలోంచి వచ్చేది వీటన్నిటి ముందు లెక్కలోకే రాదు. అందుకే ఎవరడిగినా నేను చెప్పే వరుస ఇది: ముందు రాడ్, తర్వాత కొలత, ఆ తర్వాతే బట్ట, అన్నిటికన్నా చివర రంగు. షాపులో సరిగ్గా దీనికి తిరగేసి నడుస్తుంది. రంగు దగ్గర గంట కూర్చుని, రాడ్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి ఇచ్చేయండి" అనేస్తాం.

ముందు మీ అవసరం ఏంటో తేల్చుకోండి

అమెరికా టైంకి పనిచేసి తెల్లారగట్ల పడుకునేవాళ్ల అవసరం వేరు, పడమటి ఎండకి సాయంత్రం గది సెగలు కక్కుతోందని కొనేవాళ్ల అవసరం వేరు, వీధి లైటు సరిగ్గా కిటికీకి ఎదురుగా ఉన్నవాళ్లది ఇంకోటి. వీధి లైటు బాధకి అసలు బ్లాక్‌అవుట్ దాకా పోనక్కర్లేదు, కాస్త దళసరిగా ఉన్న ముదురు రంగు మామూలు కర్టెన్ చాలు, డబ్బు మిగులుతుంది. పగలు పడుకునేవాళ్లకి మాత్రం రాజీ లేదు. కంటి మీద వెలుగు పడితే నిద్రకి సాయపడే మెలటోనిన్ అనే హార్మోన్ ఒంట్లో తగ్గిపోతుంది, కాబట్టి "కొంచెం వెలుగే కదా" అనుకున్నది కూడా నిద్రని పల్చన చేస్తుంది. పసిపిల్లలు పగలు పడుకునే గదికీ ఇంచుమించు ఇదే లెక్క.

కిటికీ ఏ దిక్కున ఉందో కూడా చూసుకోండి. మే నెలాఖరుకి హైదరాబాద్‌లో 5:40 ప్రాంతంలో, విశాఖలో అంతకన్నా ఇరవై నిమిషాల ముందే సూర్యోదయం అయిపోతుంది, వెలుతురైతే ఇంకా ముందే వచ్చేస్తుంది. తూర్పు కిటికీ ఉన్నవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. చాలామంది పట్టించుకోనిది ఉత్తరం కిటికీ. ఉత్తరం వైపు ఎండ రాదులే అని పల్చటి కర్టెన్ వేస్తారు. హైదరాబాద్ ఉన్న అక్షాంశం దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఆ రోజుల్లో తూర్పుకి ఈశాన్యం వైపుగా జరిగి ఉదయిస్తాడు, పడమరకి వాయవ్యం వైపుగా జరిగి అస్తమిస్తాడు. అంటే ఎండాకాలం చివర్లో ఉత్తరం కిటికీలోకి కూడా పొద్దునా సాయంత్రం ఏటవాలుగా ఎండ దూరుతుంది. దక్షిణం కిటికీకి దీనికి ఎదురు, శీతాకాలంలోనే ఎండ లోపలిదాకా వస్తుంది, అప్పుడు దాన్ని ఆపాలని ఎవరికీ అనిపించదు.

రాడ్ దగ్గరే సగం పని

మామూలు బ్రాకెట్ రాడ్ గోడకి మూడు నాలుగు అంగుళాల ఎడంగా నిలబడుతుంది. ముందు ఎంత దళసరి బట్ట వేలాడదీసినా ఆ ఎడం పైనా పక్కలా తెరిచే ఉంటుంది. ఇప్పుడు అందరూ వాడే రింగుల కర్టెన్‌లో ఇంకో తంటా ఉంది, బట్ట రాడ్‌కి ముందుకీ వెనక్కీ వంపులు తిరుగుతూ వేలాడుతుంది కాబట్టి పైన ప్రతి వంపు దగ్గరా వెలుగు బయటపడుతుంది. దీనికి మార్గాలు లేకపోలేదు.

అన్నిటికన్నా చవకైనది రాడ్‌ని పొడుగు చేయడం. కిటికీ ఫ్రేమ్ అంచు నుంచి అటూ ఇటూ కనీసం ఎనిమిది అంగుళాలు బయటికి, పైన ఆరు అంగుళాలు ఎత్తుకి. ఎంత దాటితే అంత మంచిది, ఎందుకంటే వెలుగు బట్ట అంచు చుట్టూ తిరిగి రావాలంటే ఎక్కువ దూరం గోడకీ బట్టకీ మధ్య నలగాలి. దీనికి తోడు రాడ్ ఎత్తులోనే గోడకి రెండు చివర్లా ఒక్కో చిన్న హుక్ బిగించి, కర్టెన్ చివరి రింగుని రాడ్ మీద కాకుండా వెనక్కి తిప్పి ఆ హుక్‌కి తగిలించండి. పక్క సందు అక్కడికక్కడే మూసుకుపోతుంది, ఖర్చు దాదాపు సున్నా. చివర్లు గోడవైపు వంగి ఉండే రాడ్‌లు కూడా దొరుకుతాయి, అవి ఇదే పనిని ఇంకా అందంగా చేస్తాయి.

పై సందుకి పెల్మెట్‌ని మించింది లేదు. పాత ఇళ్లలో కిటికీ పైన ప్లైవుడ్ పెట్టె ఒకటి ఉండేది, దుమ్ము పడుతుందని, ఫ్యాషన్ పోయిందని అందరూ పీకించేశారు. అది చీకటి కోసం చేసినంత పని ఇంకేదీ చేయదు, కాకపోతే ముందు పలకతో పాటు పైన మూత కూడా ఉండాలి, పైన తెరిచి ఉంటే వెలుగు సీలింగ్‌కి కొట్టి గదంతా పరుచుకుంటుంది. పెల్మెట్ ఇష్టం లేకపోతే సీలింగ్ ట్రాక్ వేయించండి, బట్ట సీలింగ్‌ని ఆనుకుని దిగుతుంది కాబట్టి పైన దాదాపు ఖాళీ ఉండదు. కొత్త ఫ్లాట్‌లో ఫాల్స్ సీలింగ్ చేయించేవాళ్లు మాత్రం పని మొదలవకముందే ఇంటీరియర్ వాళ్లకి చెప్పాలి, కిటికీ గోడ పక్కన ఆరేడు అంగుళాల పాకెట్ వదిలి, అందులో ట్రాక్ పెట్టమని. తర్వాత చెబితే ట్రాక్‌ని జిప్సం బోర్డుకే స్క్రూ కొట్టి వెళ్లిపోతారు, బ్లాక్‌అవుట్ బట్ట బరువుకి అది కొన్నాళ్లకి ఊడి చేతిలోకొస్తుంది. బోర్డు వెనక ప్లైవుడ్ పట్టీ ఉండాల్సిందే.

డ్రిల్లింగ్ గురించి ఒక మాట. కిటికీకి సరిగ్గా పైన ఉండేది కాంక్రీటు లింటెల్, మివాన్ పద్ధతిలో కట్టిన అపార్ట్‌మెంట్లలో అయితే గోడంతా కాంక్రీటే. ఇంట్లో ఉండే చిన్న డ్రిల్‌తో కుస్తీ పట్టకండి, హామర్ డ్రిల్ ఉన్న మనిషిని పిలవండి.

మన గదుల్లో ఇంకో రెండు చిక్కులుంటాయి. ఒకటి ఏసీ. చాలా ఇళ్లలో స్ప్లిట్ ఏసీ కిటికీ పైనే ఉంటుంది, రాడ్ దాని కిందకే రావాలి, సీలింగ్ ట్రాక్ ఆలోచన అక్కడ మర్చిపోవాల్సిందే. రెండోది కిటికీని ఆనుకుని కట్టేసిన వార్డ్‌రోబ్. ఆ పక్కకి రాడ్ పొడిగించే చోటే ఉండదు కాబట్టి వార్డ్‌రోబ్ పక్క పలక మీద వెల్‌క్రో పట్టీ అతికించి, కర్టెన్ అంచుకి దాని జోడీ కుట్టించి, పడుకునే ముందు అంటించేయడం ఒక్కటే దారి.

ఇక సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ ఐదులో తిరిగితే కర్టెన్ ఊగుతూనే ఉంటుంది, ఊగినప్పుడల్లా ఒక వెలుగు చార గదిలో అటూ ఇటూ నడుస్తుంది, నిద్రపోయేవాడికి స్థిరంగా ఉండే వెలుగు కన్నా ఇదే ఎక్కువ చిరాకు. కింది మడతలో బరువు వేయించండి. కర్టెన్ అంచులో వేసే సన్నటి సీసపు గొలుసు టైలర్ల దగ్గర దొరుకుతుంది, అది లేకపోతే మూలల్లో పెద్ద ఇనుప వాషర్లు పెట్టి కుట్టించినా పని జరుగుతుంది. మధ్య చీలికకి రెండు కర్టెన్లూ కనీసం నాలుగు అంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చూసుకోండి, లేదా అంచుల్లో చిన్న మాగ్నెట్లు కుట్టించండి.

కొలత

రెడీమేడ్ కర్టెన్లు మన దగ్గర ఎక్కువగా 4 అడుగుల వెడల్పుతో, 5, 7, 9 అడుగుల పొడవుల్లో వస్తాయి. రెండు పీసులు ఒక సెట్. కిటికీ 5 అడుగుల వెడల్పే కదా, సెట్ కలిపితే 8 అడుగులు, సరిపోతుందిలే అనుకుంటాం. లెక్క చూడండి. అటూ ఇటూ 8 అంగుళాల చొప్పున పెంచితే రాడ్ 6 అడుగుల 4 అంగుళాలైంది. బ్లాక్‌అవుట్‌కి బట్ట కనీసం రాడ్‌కి ఒకటిన్నర రెట్లుండాలి, అంటే తొమ్మిదిన్నర అడుగులు, రెండు రెట్లైతే పన్నెండు అడుగుల పైన. 8 అడుగుల బట్టని ఆ రాడ్ మీద లాగి కప్పితే వంపులు సాగిపోతాయి, అంచులు గోడకి దూరంగా జరుగుతాయి, మధ్యలో కలవదు. మూడు పీసులు కావాలి. మూడోదాన్ని నిలువుగా సగానికి కోసి చెరో పక్కా కలిపి కుట్టమంటే ఏ టైలరైనా చేసిస్తాడు, ఆ అతుకు వంపులోకి పోయేలా చూడమనండి.

రింగుల సంఖ్య ప్రతి పీసులోనూ సరి సంఖ్య కావాలి, 8 గానీ 10 గానీ. అప్పుడే రెండు చివర్లూ గోడ వైపుకి తిరుగుతాయి. బేసి సంఖ్యైతే ఒక చివర గది వైపుకి తెరుచుకుని నిలబడుతుంది, అక్కడ సందు గ్యారంటీ.

పొడవు విషయానికొస్తే, మామూలు కిటికీ నేల నుంచి 3 అడుగుల ఎత్తులో మొదలై 7 అడుగుల దగ్గర ఆగుతుంది. మంచమో టేబులో కిటికీ కిందే ఉంటే 5 అడుగుల కర్టెన్ సరిగ్గా సరిపోతుంది, పైన ఆరు, కింద ఆరు అంగుళాలు కలిసొస్తాయి. కింద ఖాళీ ఉంటే నేల దాకా వేయించడం మేలు, కింది నుంచి వచ్చే వెలుగు ఆగుతుంది. కాకపోతే ఏడున్నర అడుగుల ఎత్తులో రాడ్ పెట్టి 7 అడుగుల రెడీమేడ్ తగిలిస్తే అది నేలకి అర అడుగు పైన పొట్టి పంట్లాంలా ఆగిపోతుంది. 9 అడుగులది తీసుకుని తగ్గించుకోండి, నేలకి అర అంగుళం పైన ఉండేలా. అమెరికా నుంచి వచ్చేటప్పుడు కర్టెన్లు సూట్‌కేసులో పెట్టుకొచ్చే బంధువులుంటే వాళ్లకి ముందే చెప్పండి, అక్కడ 84 అంగుళాలంటే మన 7 అడుగులే, 108 అంటే 9.

బట్ట

దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. ట్రిపుల్ వీవ్ అనేదాంట్లో ముందూ వెనకా కనిపించే దారాల మధ్య నల్లదారం కలిపి నేస్తారు. మెత్తగా ఉంటుంది, బాగా జారుతుంది, రెండు వైపులా చూడ్డానికి బాగుంటుంది, ఉతుక్కోవచ్చు. కానీ ఇది రంగుని బట్టి మారుతుంది: నేవీ బ్లూ, ముదురు బ్రౌన్ రంగుల్లో దాదాపు చీకటి చేస్తుంది, క్రీమ్, లేత గులాబీ లాంటివి తీసుకుంటే మధ్యాహ్నం మసక వెలుతురు వస్తుంది. రెండోది కోటింగ్ వేసినది. వెనకవైపు తెల్లగా, చేత్తో తడిమితే కాస్త రబ్బరులా తగులుతుంది. మంచి రకంలో తెలుపు, నలుపు, మళ్లీ తెలుపు అని మూడు పొరలు పూస్తారు, ఆ మధ్య నల్ల పొరే వెలుగుని పూర్తిగా ఆపేది, అందుకే ఇందులో పై రంగు ఏదైనా తేడా రాదు. కాకపోతే బిరుసుగా ఉంటుంది, కొత్తలో వాసనొస్తుంది, కొన్నాక రెండు మూడు రోజులు బాల్కనీలో నీడపట్టున వేలాడదీయాలి. మూడోది విడిగా లైనింగ్: మీకు నచ్చిన కాటన్ కర్టెనో, ఉన్న పాత కర్టెనో అలాగే ఉంచి, దాని వెనక కోటింగ్ బట్టని రెండో రాడ్ మీద వేలాడదీయడం. పగలు పడుకునేవాళ్లకి నా ఓటు దీనికే. డబుల్ బ్రాకెట్ ఖర్చు కాస్త ఎక్కువ, కానీ పాడైతే లైనింగ్ ఒక్కటే మార్చుకోవచ్చు, ముందు బట్ట మీ ఇష్టం, సాయంత్రాలు లైనింగ్ జరిపేసి మామూలు గదిలా వాడుకోవచ్చు.

ప్యాకెట్ మీద "100 శాతం బ్లాక్‌అవుట్" అని ఉన్నా, "రూమ్ డార్కెనింగ్" అని ఉన్నా చదివి ఊరుకోకండి. రెండో మాట రాస్తే అది పూర్తి చీకటి ఇవ్వదని కంపెనీ వాడే ఒప్పుకుంటున్నట్టు. షాపులో ఫోన్ టార్చ్ ఆన్ చేసి బట్ట వెనక ఆనించండి, వేళ్లతో బట్టని కాస్త సాగదీయండి. ట్రిపుల్ వీవ్‌లో మసకగా కాంతి మచ్చ కనిపిస్తే పర్లేదు, టార్చ్ ఆకారం గుండ్రంగా స్పష్టంగా కనిపించిందంటే పక్కన పెట్టేయండి. కోటింగ్ బట్టలో అసలేమీ కనిపించకూడదు, సూది మొనంత చుక్కలు కనిపించినా పూత సరిగ్గా పడలేదని అర్థం. వీలైతే షాపు గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండకి ఎదురుగా పట్టి చూడండి, సేల్స్‌మ్యాన్ ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. జీఎస్ఎం, అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములుంటుందో అడగొచ్చు, 200 కన్నా తక్కువుంటే నేనైతే తీసుకోను, కానీ అది చెప్పేది బట్ట బరువు మాత్రమే, చీకటి సంగతి టార్చే చెప్పాలి. మన షాపుల్లో ఉండే పాలిస్టర్ కర్టెన్ బట్టలో చాలామటుకు సూరత్, పానిపట్ వైపు నుంచి వచ్చేదే, ఒకే రకం సరుకు నాలుగు షాపుల్లో నాలుగు పేర్లతో ఉంటుంది, కాబట్టి పేరు చూసి ఎక్కువ పెట్టక్కర్లేదు.

మీటరు లెక్కన కొని కుట్టించుకునేవాళ్లు పన్నా, అంటే బట్ట వెడల్పు ఎంతో అడగండి. మామూలుగా 48 అంగుళాలు ఉంటుంది, 54 ఉన్నవీ ఉంటాయి, లెక్క మారిపోతుంది. టైలర్‌కి ఒక జాగ్రత్త చెప్పాలి, కోటింగ్ బట్ట మీద కుట్టు ఊడదీసి మళ్లీ కుట్టకూడదు. సూది గుచ్చిన ప్రతి చోటా రంధ్రం అలాగే ఉండిపోతుంది, ఎండకి ఆ కుట్టు వరస మొత్తం చుక్కలు చుక్కలుగా వెలుగుతుంది. పొడవు ఖాయం చేసుకుని ఒక్కసారే కుట్టించాలి.

ఎండ వేడి ఆగుతుందా?

కొంతవరకే. ఎండ గాజు దాటి లోపలికొచ్చి బట్ట మీద పడ్డాక ఆ వేడి గదిలోనే ఉంటుంది, ముదురు రంగు కర్టెన్ వెనక భాగం ఎండకి కాలి, ఆ వేడిని నెమ్మదిగా గదిలోకే వదులుతుంది. సాయంత్రం ఐదింటికి పడమటి కర్టెన్‌ని వెనకవైపు ముట్టుకుంటే తెలుస్తుంది. అందుకే వేడి కోసం కొంటే గాజు వైపు తెల్లగా ఉన్నదే తీసుకోండి, కొంత ఎండని వెనక్కి కొడుతుంది. వెనక తెల్లటి ప్లాస్టిక్ పూత ఉన్న మధ్యస్థ రంగు కర్టెన్లు కిటికీ ద్వారా వచ్చే వేడిని 33 శాతం దాకా తగ్గించగలవని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది, అది కూడా కర్టెన్ గోడకి దగ్గరగా, సందుల్లేకుండా ఉన్నప్పుడు. మిగతా వేడిని ఆపాలంటే ఎండని గాజు బయటే పట్టుకోవాలి. వెదురు తడికలు, వట్టివేళ్ల తడికలు, బాల్కనీకి గ్రీన్ నెట్, ఏది కుదిరితే అది. సజ్జ ఉంది కదా అంటే, పడమటి ఎండ కిందికి దిగొచ్చి సజ్జ కింద నుంచే దూరుతుంది. మన పెంకుటిళ్లకి చెక్క రెక్కల కిటికీలుండేవి, మూస్తే ఎండా వెలుగూ రెండూ బయటే ఆగిపోయేవి, ఈ గొడవంతా గాజు రెక్కలొచ్చాకే మొదలైంది. ఏసీ లేని గదైతే పది గంటలకల్లా రెక్కలూ కర్టెన్లూ మూసేసి, బయట చల్లబడ్డాక పూర్తిగా తెరిచేయండి. రోజంతా రాత్రంతా మూసి ఉంచితే ఉక్కపోతే మిగులుతుంది, వానాకాలంలో, కోస్తా ఊళ్లలో మరీ, కర్టెన్ వెనక గోడకి బూజు కూడా పడుతుంది.

అద్దె ఇల్లైతే

ఓనర్ మేకు కొట్టనివ్వకపోతే ఫ్రేమ్ లోపల బిగుసుకునే స్ప్రింగ్ రాడ్‌లు ఉన్నాయి, కానీ అవి బరువు మోయవు, పల్చటి లైనింగ్ ఒక్కటే వాటికి వేయండి. బ్లాక్‌అవుట్ బట్టని కిటికీ ఫ్రేమ్ కొలతకి కత్తిరించి చుట్టూ వెల్‌క్రోతో అంటించుకోవడం చూడ్డానికి బాగోదు గానీ, సందులుండవు కాబట్టి ఖరీదైన కర్టెన్ కన్నా చీకటి చేస్తుంది. లండన్‌లో జూన్‌లో రాత్రి 9:20 దాటితే గానీ పొద్దు గూకదు, 4:45కల్లా మళ్లీ పొద్దు పొడుస్తుంది, అక్కడ చిన్నపిల్లలున్న మనవాళ్లు గాజుకి సక్షన్ కప్పులతో అంటించే బ్లాక్‌అవుట్ షీట్లు వాడుకోవచ్చు, ఊరెళ్తే మడిచి పట్టుకుపోవచ్చు కూడా.

రోలర్ బ్లైండ్లు నీట్‌గా ఉంటాయి, కానీ ఫ్రేమ్ లోపల బిగిస్తే రెండు పక్కలా అర అంగుళం పైగా ఖాళీ తప్పదు, బ్లైండ్ అంచులు లోపలే నడిచే నిలువు పట్టీలు, అంటే సైడ్ ఛానెల్, వేయించకపోతే బ్లాక్‌అవుట్ అనే మాటకి అర్థం లేదు. పిల్లలున్న ఇంట్లో వేలాడే తాడు ఉన్న బ్లైండ్ వద్దు, మెడకి చుట్టుకుంటే ప్రాణం మీదకొస్తుంది.

బిగించాక

రాడ్ బిగించే అతన్ని పగలే రమ్మనండి, సాయంత్రం వస్తే ఏ సందూ కనపడదు. అతను ఉండగానే కర్టెన్లు వేసి, తలుపు మూసి, లోపలి నుంచి చూసి, బ్రాకెట్ అర అంగుళం అటూ ఇటూ జరపాలంటే అప్పుడే జరిపించుకోండి. గది చీకటయ్యాక ఇన్నాళ్లూ కనిపించనివి కొన్ని బయటపడతాయి: తలుపు కింద సందు, బాత్రూమ్ వెంటిలేటర్, వైఫై రూటర్ మీద మినుకుమినుకుమనే లైట్లు, ఏసీ మీద అంకెలు. తలుపుకి కింద అంటించే రబ్బరు పట్టీ ఒకటి, లైట్ల మీదకి నల్ల ఇన్సులేషన్ టేప్ ముక్క ఒకటి, అంతే.

ఉతకడం గురించి. ట్రిపుల్ వీవ్‌ని చల్లనీళ్లలో మెషీన్‌లో జెంటిల్ మీద వేయొచ్చు, రింగులు తగలకుండా పాత దిండు గలీబులో దూర్చండి. కోటింగ్ ఉన్నదాన్ని మెషీన్‌లో వేసి పిండితే పూత మడతల దగ్గర పగులుతుంది, పగిలిన చోటల్లా తెల్లటి గీతలు పడి వెలుగు వస్తుంది, దాన్ని బాగుచేసే మార్గం లేదు. నెలకోసారి వాక్యూమ్ చేసి, తడిగుడ్డతో వెనకవైపు తుడిచి వదిలేయండి, మరీ మురికైతే టబ్బులో సబ్బునీళ్లలో ఊరబెట్టి, పిండకుండా అలాగే నీడలో వేలాడదీయండి. బ్లీచ్ వద్దు, ఇస్త్రీ పెట్టె పూత వైపు అస్సలు తగలకూడదు.